డిక్కీలో సైకిలు, చెయ్యి దూరే పట్టీ

క్యారవాన్ చూడటానికి వచ్చినవాళ్లు ముందు పరుపు మీద కూర్చుని చూస్తారు. తరువాత వంట చేసే చోటు, ఆ తరువాత బాత్రూమ్. వెనక్కి వెళ్లి, మంచం కింద ఉన్న డిక్కీ తలుపు తెరిచి చూసేవాళ్లు చాలా అరుదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీరు కూడా అలాగే చూస్తారని నాకు తెలుసు. నా ఉద్యోగంలో చివరి ఏళ్లన్నీ ఆ డిక్కీలోనే, మోకాళ్ల మీద గడిచాయి. మోకాళ్లు అరిగాయి గానీ ఆ చోటు మీద ప్రేమ మాత్రం అరగలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా షెడ్డు

చిల్లకూరు దగ్గర హైవే పక్కన మా షెడ్డు. లారీలకు, బస్సులకు బాడీలు కట్టే షెడ్డు. ఇంజనూ చక్రాలూ తప్ప ఏమీ లేని ఉత్త ఛాసిస్ మీద ఒక పలక వేసుకుని, ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుని డ్రైవరు బండి తోలుకొచ్చేవాడు. దానికి ఒళ్లు తొడిగి పంపడం మా పని. నేను సీట్లు కుట్టడానికి చేరాను. గూడూరులో మా అమ్మ చర్చి బెంచీలకు దిండ్లు కుట్టేది, మిషను తొక్కడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. షెడ్డంతా మగవాళ్లే. మొదట్లో నన్ను ‘సీట్లు కుట్టే ఆవిడ’ అనేవాళ్లు, కొన్నాళ్లకు ‘కరుణక్క’ అన్నారు, చివరికి బండి లోపలి పనంతా నా నెత్తిన పెట్టారు. అది ఎలా జరిగిందో చెప్పి మిమ్మల్ని విసిగించను.

మా ఓనరు మస్తానయ్య గారికి ఒక జబ్బు ఉండేది. కస్టమరు ఏది అడిగినా కాదనరు. “అయిపోద్ది సార్” అనేసి, తరువాత మా వైపు తిరిగి “అవుతుందా?” అని అడిగేవారు. ఆయన మాట మీద మేము పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. కానీ ఆయనలో ఒక గొప్ప గుణం కూడా ఉంది. చేసిన పని బాగాలేదు, విప్పి మళ్లీ చేస్తామంటే ఏనాడూ ముఖం చిట్లించలేదు. మీరు ఏ షెడ్డులో చేరినా జీతం సంగతి తరువాత అడగండి. విప్పనిస్తారా అని ముందు అడగండి.

ఇక పెంచలయ్య. మా ఫిట్టింగ్ మేస్త్రీ, వయసులో నాకన్నా చిన్నవాడు. వాళ్ల నాన్న బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం బస్తాలు లారీలకు ఎత్తేవాడు. పెంచలయ్య నడక కంటే ముందు తాడు కట్టడం నేర్చుకున్నాడని మేము ఎగతాళి చేసేవాళ్లం. లోడు కట్టాక తాడుకూ బస్తాకూ మధ్య చిటికెన వేలు కూడా దూరకూడదన్నది వాళ్ల నాన్న పెట్టిన నియమం. పెంచలయ్యకు అది దేవుడి మాటతో సమానం.

బిగించడం

లారీల పని తగ్గి, వ్యాన్లను క్యారవాన్లుగా మార్చే పని మొదలైన రోజుల్లో మద్రాసు నుంచి ఒక కుర్ర జంట వచ్చింది. వెనక మంచం కింద గ్యారేజీ కావాలన్నారు. పెంచలయ్య నా వైపు చూశాడు.

“గ్యారేజీలో గదక్కా బండి ఉండాల? బండిలో గ్యారేజీ ఏంది?”

“డిక్కీ రా నాయనా. సైకిళ్లు పెట్టుకోడానికి” అన్నాను.

వాళ్ల సైకిళ్లు రెండూ సన్నగా, తేలిగ్గా ఉన్నాయి. పెంచలయ్య వాటిని పక్కపక్కన పడుకోబెట్టి, పైనుంచి తాడు వేసి, కర్రముక్క పెట్టి పురి తిప్పాడు. తాడును వేలితో మీటితే టంగుమంది. అందరం మెచ్చుకున్నాం. సూళ్లూరుపేట దాటి కొంత దూరం వెళ్లిన ఆ జంట వెనక్కి తిరిగి వచ్చింది. ఒక చక్రం వేయించిన అప్పడంలా వంకరపోయింది, గేరు దగ్గర ఇనుము ఒంగింది. పెంచలయ్య వంగి చూసి, తల పంకించాడు.

“బిగువు చాల్లేదక్కా. ఇంకొక పురి ఎక్కించి ఉండాల.”

ఇంకొక పురి ఎక్కించే పంపాడు కూడా. రెండోసారి రెండు చక్రాలూ పోయాయి. ఆ అమ్మాయి మంచిది, కోప్పడలేదు. “అన్నా, మీరు సైకిళ్లు కట్టారా, కొట్టారా?” అని మాత్రం అడిగింది.

అందులో పెంచలయ్య తెలివితక్కువతనం ఏమీ లేదు. ధాన్యం కట్టే చేతులు ఉన్న ఎవరైనా అదే చేస్తారు. బస్తా నలుగుతుంది. గుంతల్లో పడినప్పుడల్లా లోపల ధాన్యం సర్దుకుని తాడు వదులవుతుంది, అందుకే ముందే బిగించాలి. సైకిలులో సర్దుకోవడానికి ఏముంది? సన్నటి చువ్వలు తప్ప. ప్రతి గుంతా వాటి మీదే పడుతుంది.

చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నప్పుడు ఏం చేస్తామో సైకిలుకూ అదే చెయ్యాలని నాకు తోచింది. నలిపేస్తే ఏడుస్తుంది, వదిలేస్తే జారుతుంది. సైకిలును నిలబెట్టండి. రెండు చక్రాలూ దిగేలా నేలకు ఒక రేకు గాడి కొట్టండి. వెనక చక్రానికి ఒక పట్టీ, సీటు కింది గొట్టానికి స్పాంజి పెట్టి కుట్టిన ఇంకొక పట్టీ. అంతే చాలు. రెండు సైకిళ్లయితే ఒకదాని ముఖం అటు, ఇంకొకదాని ముఖం ఇటు పెట్టండి, హ్యాండిళ్లు పోట్లాడుకోవు. మధ్యలో పాత దుప్పటి వెయ్యండి. లేకపోతే ఒకదాని పెడలు రెండోదాని చువ్వల్లో దూరుతుంది. గ్యాసు సిలిండరు మాత్రం ఆ గదిలో పెట్టనివ్వకండి, ఎవరు బతిమాలినా సరే.

తాళం గురించి ఒక్క మాట. కస్టమరు పెద్ద తాళం కొనుక్కొస్తాడు, మన వాళ్లు దాని కొండీని ప్లైవుడ్‌కు కొట్టి పంపుతారు. దొంగ వస్తే ప్లైవుడ్‌తో సహా ఊడబెరుక్కుని పోతాడు. కొండీ ఎప్పుడైనా కింద ఇనుప దూలానికే పడాలి.

ఉప్పు

మన సముద్రం పక్క బండ్లకు దొంగకంటే పెద్ద శత్రువు ఉప్పు. ఇసుకలో తొక్కిన సైకిలును తడి తడిగా లోపల పెట్టి తలుపు మూస్తారు. వారం తిరిగేసరికి గొలుసు ఎర్రబడుతుంది. అడుగున రెండు కన్నాలు కొట్టి నీళ్లు పోనివ్వమంటే పెంచలయ్య ఒప్పుకునేవాడు కాదు. కొత్త బండికి చేతులారా కన్నం పెట్టడం వాడికి పాపంలా అనిపించేది. ఆ కన్నాల కోసం వాడితో నేను పోట్లాడినంతగా మా ఇంట్లో కూడా ఎవరితోనూ పోట్లాడలేదు. కొట్టండి. కన్నానికి ఇనుప జాలీ కూడా కొట్టండి, ఎలుకలు దూరకుండా.

రాజ్యలక్ష్మి టీచరు

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంగతి.

బుచ్చిరెడ్డిపాలెం నుంచి రాజ్యలక్ష్మి టీచరు వచ్చారు. రిటైరైన లెక్కల టీచరు, సన్నటి మనిషి, గొంతు మాత్రం చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ఒక చిన్న వ్యాను కొన్నారు, దాన్ని క్యారవాన్ చెయ్యాలి. మంచం ఎలా ఉండాలి, పొయ్యి ఎక్కడ పెట్టాలి అని అడిగితే “నీ ఇష్టం” అన్నారు. నేరుగా నన్ను వెనక్కి తీసుకెళ్లారు.

“ఇక్కడ ఒక సైకిలు పట్టాల కరుణమ్మా. దాన్ని నేనొక్కదాన్నే బయటికి తియ్యగలగాల. నా కుడి భుజం పడిపోయింది, బరువెత్తలేను. అది కుదరకపోతే ఈ బండే నాకొద్దు.”

ఎందుకో నెమ్మదిగా చెప్పారు. వాళ్లాయన రాఘవరెడ్డి గారికి వణుకుడు జబ్బు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతారు, కాళ్లు నేలకు అతుక్కున్నట్టు. గుమ్మం ముందు, మెట్టు ముందు మరీ ఎక్కువ. ఒకరోజు పెరట్లో గోడకు ఆనించిన పాత సైకిలు పట్టుకుని నిలబడ్డారట. ఆమె చూస్తుండగానే ఎక్కి, తోట చివరిదాకా తొక్కుకుంటూ వెళ్లిపోయారట, పొలానికి పోయే రోజుల్లోలాగా.

“భయమేసి అరిచినాను. ఆయనేమో నవ్వుతా వెనక్కి తిప్పుకొచ్చినాడు. డాక్టరుగారికి చెప్తే, కొంతమందికి అట్లా ఉంటుందమ్మా, నడవలేకపోయినా తొక్కగలరు, బండ్లు లేని చోట పక్కనుండి తొక్కనియ్యమన్నాడు.”

ఊళ్లో అలాంటి చోటు లేదు. ట్రాక్టర్లు, లారీలు. అవి లేని వీధిలో మనుషులు. ఒకరు వచ్చి హ్యాండిలు పట్టుకుంటారు, ఇంకొకరు అయ్యో పాపం అంటారు. ఆయన గడప దాటడం మానేశారు. అందుకని ఎవరూ తెలియని సముద్రపు దారుల్లో బండి ఆపుకుని, ఆయన తొక్కగలిగినన్నాళ్లు తొక్కించాలని టీచరుగారి ఆశ. బండి తానే తోలతారట.

“డ్రైవరును పెట్టుకోవచ్చు గదమ్మా, సైకిలు కూడా అతనే దించుతాడు” అన్నాను.

“మనిషుంటే ఆయన ఎక్కడు. సిగ్గు. ఎన్నాళ్లు తొక్కగలడో తెలీదు కరుణమ్మా. త్వరగా చేసియ్యి.”

మస్తానయ్య గారు యథాప్రకారం “అయిపోద్ది మేడమ్” అన్నారు.

పెంచలయ్యకు ఈ పని ఎంత ఇష్టమైందో చెప్పలేను. వాళ్ల నాన్న ఒకప్పుడు రాఘవరెడ్డి గారి ధాన్యమే లారీకి ఎత్తేవాడు. పండగకు ఆ ఇంట్లోనే భోజనం. సైకిలు పాతకాలపు నల్లది, ఎద్దంత బరువు. “దాని మీద గీత పడకూడదక్కా” అంటూ డిక్కీలోకి దూరాడు. ఇనుప మేకులు దిగే క్లాంపులు పెట్టాడు, నేను కుట్టిన పట్టీలకు నొక్కితేనే వదిలే బిగింపు గేరు పెట్టాడు, తలుపుకు పైనొక గడియ, కిందొక గడియ. రేకు గాడి నేర్చుకున్నాడు గానీ, లోపల ఉన్న వాళ్ల నాన్న మాత్రం పోలేదు. నేను చూసి బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఆ బండి బోల్తా పడినా సైకిలు కదలదు.

మైపాడు

బండి ఇచ్చే ముందు తిప్పి చూద్దామని మైపాడు సముద్రతీరం వైపు వెళ్లాం. పెంచలయ్య తోలాడు. వెనక టీచరుగారు, రాఘవరెడ్డి గారు, నేను. ఎండ ఇంకా ఎక్కలేదు. సరుగుడు తోపు పక్కన జనం లేని తారు రోడ్డు చూసి బండి ఆపాం.

రాఘవరెడ్డి గారు దిగే మెట్టు దగ్గర ఆగిపోయారు. ఒక కాలు గాల్లోకి లేవబోయి, లేవక, అక్కడే వణుకుతోంది. టీచరుగారు ఆయన చెయ్యి పట్టుకుని, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఎలాగో దించారు. ఆయన్ను సరుగుడు చెట్టుకు ఆనించి నిలబెట్టి డిక్కీ దగ్గరికి వెళ్లారు. పై గడియ అందలేదు. మునివేళ్ల మీద నిలబడి తీశారు. కింది గడియ తీశారు. పట్టీ గేరు నొక్కడానికి ఎడమ చెయ్యి చాల్లేదు, కుడి చెయ్యి లేవలేదు. క్లాంపు మేకు రాలేదు. మా వైపు చూసి నవ్వారు.

“కొత్త గదా, అలవాటవుతుందిలే” అన్నారు.

ఆ మాట వింటే జాగ్రత్తపడండి. మంచి మనుషులు మన పనిని తిట్టలేక అనే మాట అది. అక్కడ చెట్టు దగ్గర ఆయన సైకిలు కోసం చెయ్యి చాచి ఎదురుచూస్తున్నారు, ఆ చెయ్యి వణుకుతోంది. 

పెంచలయ్య ఆగలేకపోయాడు. “ఉండండమ్మా, నేను తీస్తా” అని పరిగెత్తాడు. టీచరుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

“నువ్వు తియ్యొద్దు పెంచలయ్యా. నువ్వు మాతో రావు గదా.”

కోపంగా అనలేదు. పిల్లవాడికి లెక్క తప్పు ఎక్కడుందో చూపించినట్టు అన్నారు. పెంచలయ్య చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆ రోజు రాఘవరెడ్డి గారు సైకిలు తొక్కలేదు. సముద్రం చూడకుండానే వెనక్కి వచ్చాం.  షెడ్డుకు చేరాక పెంచలయ్య నా మిషను దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఆ సైకిలు కదలకుండా ఉండాలనే చూసినానక్కా. ఆయన కదలాలని అనుకోలా.”

మరునాడు తన పనంతా తనే విప్పేశాడు. మస్తానయ్య గారు వచ్చి చూసి, టీ తెప్పించారు.

చెయ్యి దూరే చోటు

ఈసారి సొరుగులా చేశాం. గాడి కొట్టిన పలక పట్టాల మీద బయటికి జారుతుంది, చివర వంగి నేలను తాకుతుంది. కాలితో ఒక మీట నొక్కితే చాలు. పలకను లోపలికి తోసినప్పుడు ఆ మీట దానంతట అదే పడుతుంది. ఎత్తాల్సింది ఏమీ లేదు. గడియ టీచరుగారి నడుము ఎత్తులో ఒక్కటే.

ఇక పట్టీ మిగిలింది. కొలతకు వాళ్లిద్దరినీ రమ్మన్నాను. “టీచరమ్మా, మీకు ఏ రకం క్లిప్పు తేలిక?” అని అడుగుతున్నాను. కుర్చీలో కూర్చున్న రాఘవరెడ్డి గారు మెల్లగా అన్నారు. ఆయన గొంతు అంతకుముందు నేను వినలేదు.

“నన్నడగమ్మా. సైకిలు నాది గదా.”

సిగ్గుతో తల వంచుకున్నాను. వెళ్లి ఆయన ముందు కింద కూర్చున్నాను.

“చెప్పండి సార్.”

“ఈ క్లిప్పుల బటన్ల మీద నా బొటనవేలు నిలవదు. చెయ్యంతా దూర్చి లాగేది ఏదన్నా ఉంటే నేనే తీసుకుంటా. ఆమె పట్టుకొచ్చి ఇస్తే ఎక్కేదానికంటే, నేను తీసుకుని ఎక్కితే బాగుంటుంది.”

టీచరుగారు ఆయన వైపు చూశారు. సైకిలు ఎలా బయటికి వస్తుందా అని ఆవిడ అన్నాళ్లూ దిగులు పడ్డారు. ఆయన దిగులు ఇదని ఆవిడకూ తెలియదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని, “ఇన్నాళ్లు చెప్పకపోతే ఎట్టా?” అని గదమాయించారు.

వెడల్పాటి పట్టీ తీసుకుని, రింగులోంచి వెనక్కి మడిస్తే అంటుకునే వెల్క్రో కుట్టాను. చివర ఒక పెద్ద ఉచ్చు, లోపల మెత్తటి గుడ్డ. చెయ్యి ఎంత వణికినా అందులోకి దూరాలి, దూర్చి లాగితే ఊడాలి. ఎర్ర రంగు పట్టీ, చీకటి డిక్కీలో కనబడేలా. సైకిలును మోసేది గాడి. పట్టీ పని దాన్ని ఒరగకుండా చూడటమే. పెంచలయ్య దాన్ని పట్టుకుని గుంజి చూశాడు. అలవాటు కొద్దీ చిటికెన వేలు పెట్టి చూశాడు. తరువాత చెయ్యి మొత్తం పెట్టి చూశాడు.

“ఇంత వదులా!” అని ఒక్కసారి మాత్రం అన్నాడు.

మళ్లీ అదే సరుగుడు తోపు. పెంచలయ్య డ్రైవరు సీటులోంచి దిగలేదు, అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. టీచరుగారు కాలితో మీట నొక్కారు, సొరుగు బయటికి వచ్చింది. రాఘవరెడ్డి గారు బండి పక్క పట్టుకుని చిన్న చిన్న అడుగులు వేస్తూ వచ్చారు. చెయ్యి ఉచ్చు పక్కకు పోయింది, మళ్లీ పోయింది, మూడోసారి దూరింది. చర్రున ఊడింది. సైకిలు వెనక్కి లాక్కుని, కాలు వేసి ఎక్కారు. రోడ్డు మీద ఆయన వెళ్తుంటే జబ్బు మనిషని ఎవరూ అనుకోరు. టీచరుగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వెనక పరిగెత్తారు. అద్దంలో చూస్తున్న పెంచలయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకునేది ఏముంది.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. మీరు కట్టింది మీరు విప్పి చూసుకుని మురిసిపోకండి. రోజూ ఎవరు విప్పుతారో వాళ్ల చేత విప్పించండి. వాళ్లలో మాట్లాడని మనిషిని ముందు అడగండి.

చివరి పట్టీ

తరువాత వాళ్లు చాలా ఊళ్లు తిరిగారు. పులికాట్ వైపు నుంచి, ఇంకా పైనున్న రేవుల నుంచి టీచరుగారు ఫోను చేసేవారు. “ఇవాళ చాలా దూరం తొక్కినాడు” అనేవారు. రాను రాను ఆ దూరం తగ్గింది. తరువాత ఆవిడ దూరం సంగతి చెప్పడం మానేశారు, నేనూ అడగడం మానేశాను.

నేను పని మానుకునే వారంలో ఆ బండి మా షెడ్డు ముందు ఆగింది. రాఘవరెడ్డి గారు బాగా చిక్కిపోయారు. సైకిలు తొక్కడం ఎప్పుడో ఆగిపోయిందని టీచరుగారు పక్కకు పిలిచి చెప్పారు. నేను తటపటాయిస్తూ అడిగాను.

“ఆ సొరుగు తీసేసి అరలు కొట్టమంటారా అమ్మా? మందులకూ బట్టలకూ చోటు వస్తుంది.”

ఆవిడ నన్ను వింతగా చూశారు.

“అదెందుకు తీస్తారు? బండి ఆపినచోటల్లా పొద్దున్నే ఆయన దిగాల, పట్టీ ఊడదీయాల. సైకిలు బయటికి తీసి, పట్టుకుని నిలబడి ఆ ఊరి గాలి పీలుస్తాడు. దాన్ని పట్టుకుంటే నాలుగడుగులు కూడా వేస్తాడు. ఆ పని ఒకటుందనే లేస్తున్నాడు కరుణమ్మా. పట్టీ అరిగిపోయింది. కొత్తది కుట్టించుకుందామని వచ్చినాం.”

పాత పట్టీ చేతిలో పెట్టారు. ఎర్ర రంగు పోయి తెల్లబడింది. ఉచ్చు లోపలి గుడ్డ ఆయన వేళ్ల చోట చిల్లులు పడింది. నేను ఎన్నో సీట్లు కుట్టాను, వాటిలో ఎవరెవరు కూర్చున్నారో నాకు తెలియదు. ఈ ఒక్కటి ఎవరి చేతిలో అరిగిందో తెలుసు.

అప్పటికప్పుడు కొత్తది కుట్టాను. ఉచ్చు ఇంకొంచెం పెద్దది చేశాను, గుడ్డ రెండు పొరలు వేశాను. షెడ్డులో నేను కుట్టిన చివరిది అదే. పెంచలయ్య దాన్ని తీసుకెళ్లి రింగుకు తగిలించి, సొరుగు పక్కన నిలబడ్డాడు. రాఘవరెడ్డి గారు టీచరుగారి భుజం పట్టుకుని వచ్చారు. చెయ్యి చాచారు. అది ఉచ్చు పైనుంచి పోయింది, కింద నుంచి పోయింది, పట్టీకి తగిలి జారింది. చూడటం కష్టమైంది. షెడ్డులో వెల్డింగు ఆగిపోయింది. మస్తానయ్య గారు గుమ్మంలో నిలబడిపోయారు.

నేను పెంచలయ్య వైపు చూశాను. వాడు తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకొక చేతిని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. చిటికెన వేలు కూడా దూరనంత గట్టిగా. పట్టీ చర్రున ఊడేదాకా వదల్లేదు.